ఏఐతో చదువు: వాడేవాళ్లే ఎందుకు భయపడుతున్నారు?

నేను ఇంజినీరింగ్ కాలేజీలో డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు) చెబుతాను. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం సెకండియర్ అబ్బాయి ఒకడు నార్మలైజేషన్, అంటే డేటా టేబుళ్లను పద్ధతిగా విడగొట్టడం మీద అసైన్‌మెంట్ తెచ్చాడు. చేతిరాతే. హెడ్డింగుల కింద నల్ల పెన్నుతో స్కేలు పెట్టి గీతలు కూడా కొట్టాడు. అందులో ఒక టేబుల్‌ని రెండుగా విడగొట్టి ఉంది. ఎందుకు విడగొట్టావని అడిగితే మాట రాలేదు. ఎక్కడ చూసి రాశావన్నాను. కాసేపు నేల చూసి, "చాట్‌జీపీటీ సార్" అన్నాడు. నేను ఏదో అనేలోపే మిగతాది కూడా చెప్పేశాడు. "ముందు టెక్స్ట్‌బుక్కే చదివాను సార్, అర్థం కాలేదు. దీన్ని తెలుగులో అడిగితే కొంచెం అర్థమైంది. కానీ తెలుగులో రాస్తే మార్కులు వెయ్యరు కదా, అందుకే మొత్తం ఇంగ్లిష్‌లో రాసిమ్మన్నాను."

ఆ రాత్రి ఇంటికెళ్లాక కూడా ఆ మాటలే తిరిగాయి. ఒకే యాప్ అతనికి మొదట పాఠం చెప్పింది, తర్వాత భాష అందించింది, చివరికి అతని బదులు తనే రాసిపెట్టింది. మొదటిది తప్పని నేను అనను. చివరిది సరేనని అనలేను. మధ్యలో గీత ఎక్కడుందో అతనికి తెలియదు. మేమూ ఎప్పుడూ చెప్పలేదు.

యూనివర్సిటీ విద్యార్థులు ఏఐ గురించి ఏమనుకుంటున్నారు అంటే ఒక్క ముక్కలో జవాబు దొరకనిది ఇందుకే. "ఏఐ వాడకం" అని మనం ఒకే పేరు పెట్టిన దాని వెనక చాలా వేరువేరు పనులున్నాయి. ఒక్కో పని మీద ఒకే విద్యార్థికి ఒక్కో రకమైన అభిప్రాయం ఉంటుంది.

అంకెల్లో కనిపించేది

చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది. 2024లో డిజిటల్ ఎడ్యుకేషన్ కౌన్సిల్ 16 దేశాల్లో 3,839 మంది విద్యార్థులను అడిగితే 86 శాతం మంది చదువుకి ఏఐ వాడుతున్నామన్నారు. అదే సర్వేలో 58 శాతం మంది ఏఐ గురించి తమకు తగినంత తెలియదని కూడా చెప్పారు. అంటే వాడేవాళ్లలో చాలామంది తడుముకుంటూనే వాడుతున్నారు.

బ్రిటన్‌లో హయ్యర్ ఎడ్యుకేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ డిగ్రీ విద్యార్థుల మీద చేస్తున్న సర్వే ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 2024 నివేదికలో ఏఐ వాడుతున్నామన్నవాళ్లు 66 శాతం. 2025కి అది 92 అయింది. మార్కులు వేసే పనుల కోసం వాడినవాళ్లు 53 నుంచి 88 శాతానికి పెరిగారు. పేపర్లలో ఈ అంకెలే హెడ్డింగులయ్యాయి. "అందరూ కాపీ కొడుతున్నారు" అని చాలామంది అనుకోవడానికీ ఇవే కారణం. కానీ అదే నివేదికలో, ఏఐ రాసిన వాక్యాలను తీసుకెళ్లి నేరుగా తమ అసైన్‌మెంట్లో పెట్టామన్నవాళ్లు 18 శాతమే. ఎక్కువమంది చెప్పిన వాడకం, అర్థం కాని విషయాన్ని వివరించమని అడగడం. ఏఐ వాడాలంటే ఏది వెనక్కి లాగుతోంది అని అడిగితే, కాపీ కొట్టావని నింద వేస్తారేమోనని సగానికి పైగా చెప్పారు. అది తప్పు సమాచారం ఇస్తుందేమోనన్న అనుమానం కూడా దాదాపు అంతే బలంగా ఉంది.

ఈ సర్వేలన్నీ విద్యార్థులు తమ గురించి తామే చెప్పుకున్న మాటలు. మొత్తం ఏఐతోనే రాయించానని ఎంతమంది ఒప్పుకుంటారు? కాబట్టి 18 అన్నది అసలు సంఖ్య కన్నా తక్కువే అయుండొచ్చు. దాన్ని ఒప్పుకున్నా మొత్తం మీద కనిపించే బొమ్మ మారదు. వాడకం చాలా ఎక్కువ, ధీమా చాలా తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కలిసి ఉంటాయో తెలిస్తే మిగతా చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఉపయోగమే, కానీ దేనికి?

కొత్త టెక్నాలజీని జనం ఎందుకు తీసుకుంటారన్న దాని మీద 1989లో ఫ్రెడ్ డేవిస్ ఒక నమూనా ఇచ్చారు. ఇప్పుడు ఏఐ మీద వస్తున్న విద్యార్థుల సర్వేలు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. అందులో సంగతి రెండు ప్రశ్నలే: ఇది నా పనికి పనికొస్తుందనిపిస్తోందా? వాడటం తేలికనిపిస్తోందా? రెండింటికీ అవునంటే మనిషి వాడతాడు. ఏఐ విషయంలో రెండో ప్రశ్న అడగక్కర్లేదు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం వచ్చిన ఎవరికైనా అది వచ్చేస్తుంది.

చిక్కంతా మొదటి ప్రశ్నలోనే ఉంది. "నా పనికి" అన్నప్పుడు విద్యార్థి పని ఏమిటి? నేర్చుకోవడమా, శుక్రవారం లోపల సబ్మిట్ చెయ్యడమా?

జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022 నాటి ఆర్22 నిబంధనల్లో ఒక సబ్జెక్టుకి 40 ఇంటర్నల్ మార్కులు. జేఎన్‌టీయూ కాకినాడ 2023 నాటి ఆర్23లో 30. వాటిలో అసైన్‌మెంట్‌ది 5. ఆ 5 మార్కుల కోసం సెక్షన్ మొత్తానికి అవే ప్రశ్నలు, చాలాసార్లు కిందటేడు ఇచ్చినవే. ఒకరు రాస్తే ఆ ఫోటోలు వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి. ల్యాబ్ రికార్డులు సీనియర్ల రికార్డులు చూసి ఎక్కిస్తారు. ఫైనలియర్ ప్రాజెక్టుని అమీర్‌పేటలో డబ్బు కట్టి తెచ్చుకోవడం కొత్తగా చెప్పే సంగతి కాదు. పరీక్ష ముందు రాత్రి చదివేది గైడు, లేదా జిరాక్స్ షాపులో కొన్న మెటీరియల్. ఇవన్నీ ఏఐ రాకముందే ఉన్నాయి. మేం చూస్తూనే సంతకాలు పెట్టాం.

అలాంటి పని మీద పిల్లలకు ఏఐ వాడటంలో పెద్దగా తప్పు చేసిన భావన ఉండదు. "ఎలాగూ ఎవరూ చదవరు కదా సార్" అని ఒకమ్మాయి నాతోనే అంది. ఆ అమ్మాయి మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అందులో నిజముంది. అదే అమ్మాయి గేట్ పరీక్షకు తయారవుతూ మాత్రం ఏఐ ఇచ్చిన సొల్యూషన్‌ని నమ్మదు. తను చేశాక మాత్రమే పోల్చి చూసుకుంటుంది. ఒకే మనిషి, ఒకే ఫోన్, అదే యాప్. మారింది పని మీద తనకున్న లెక్క మాత్రమే. నేను ఇన్నాళ్లలో గమనించింది ఇదే: ఏఐ మీద విద్యార్థి వైఖరి అని మనం కొలుస్తున్నది చాలావరకు మనం ఇచ్చిన పని మీద విద్యార్థి వైఖరి. బోలు పని ఇస్తే దాన్ని ఏఐకి అప్పగించేస్తారు. తనకు అక్కరకొచ్చే పని అనిపిస్తే జాగ్రత్త పడతారు.

దొంగ అన్న ముద్ర

భయం సంగతికొస్తే, అది ఊరికే పుట్టింది కాదు. ఏఐ రాసిన రాతను పట్టుకుంటామని చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, కాలేజీలు వాటిని నమ్మాయి. అవి చేసేది అంచనా కట్టడమే. పదాల వరుస మరీ ఊహించదగ్గట్టుగా, వాక్యాలన్నీ ఒకే తీరుగా ఉంటే ఏఐ రాసిందని అనుమానిస్తాయి. ఇక్కడే మన పిల్లలకు నష్టం. ఇంగ్లిష్ రెండో భాషగా, గైడుల్లోంచి, బట్టీ పట్టిన పదబంధాలతో నేర్చుకున్న వాళ్ల రాత సహజంగానే అలా ఉంటుంది.

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీన్ని కొలిచారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 60 శాతానికి పైగా వ్యాసాలను ఏఐ రాసినవని అవి తేల్చాయి. అన్నీ మనుషులు రాసినవే. అమెరికాలో పుట్టి పెరిగిన ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు పొరపాటు పడలేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా సొంత డిటెక్టర్‌ని తెచ్చింది. ఏఐ రాతల్లో 26 శాతాన్ని మాత్రమే అది పట్టుకోగలిగింది. కచ్చితత్వం లేదని 2023 జూలైలో ఆ కంపెనీయే దాన్ని తీసేసింది. ఆ ఆగస్టులో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ, కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లోని ఏఐ డిటెక్టర్‌ని ఆపేసింది. వాళ్లు వేసిన లెక్క చాలా సూటిగా ఉంది: ఏడాదికి 75,000 పేపర్లు వస్తే, నూటికి ఒక్కటే తప్పు పడినా 750 పేపర్ల మీద అన్యాయంగా ముద్ర పడుతుంది.

మన దేశంలో ఇది కోర్టు దాకా వెళ్లింది. 2024లో హర్యానాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) విద్యార్థి జవాబులో 88 శాతం ఏఐ రాసిందేనని తేల్చి ఫెయిల్ చేసింది. అతను పంజాబ్, హర్యానా హైకోర్టుకు వెళ్లాడు. కేసు నడుస్తుండగానే యూనివర్సిటీ అతను పాసైనట్టు ఇచ్చింది, దాంతో పిటిషన్ ముగిసింది. ఏఐ రాతకు రుజువేమిటన్న అసలు ప్రశ్న మాత్రం తేలకుండానే ఉండిపోయింది.

ఈ భయం వల్ల పిల్లలు వాడటం మానరు, చాటుగా వాడతారు. ఏఐ రాసినదాన్ని ఇంకో యాప్‌లో వేసి "మనిషి రాసినట్టు" మార్పిస్తారు. కావాలని స్పెల్లింగ్ తప్పులు పెడతారు. కొందరు మంచి ఇంగ్లిష్ పదం తెలిసినా, అది రాస్తే అనుమానిస్తారని మామూలు పదమే రాస్తారు. ఈ చివరిది విన్నప్పుడు నాకు చాలా బాధేసింది. ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న పదాన్ని దాచుకునే స్థితికి పిల్లల్ని మనమే తెచ్చాం.

అర్థమైనట్టు అనిపించడం

కాపీ గొడవ కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. ఏ తప్పూ చెయ్యకుండా, కేవలం నేర్చుకోవడానికే ఏఐ వాడే విద్యార్థికి నిజంగా చదువు వస్తోందా?

టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లల మీద లెక్కల సబ్జెక్టులో ఒక ప్రయోగం చేశారు. ప్రాక్టీస్ చేసేటప్పుడు ఒక గుంపుకి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. ఇంకో గుంపుకి, జవాబు చెప్పెయ్యకుండా టీచర్లు రాసిచ్చిన సూచనల ప్రకారం క్లూలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ ఇచ్చారు. మూడో గుంపుకి పుస్తకమూ నోట్సే. ప్రాక్టీస్‌లో పుస్తకం గుంపు కన్నా మామూలు చాట్‌బాట్ గుంపు 48 శాతం, క్లూల గుంపు 127 శాతం మెరుగ్గా చేశాయి. తర్వాత ఏ సాయమూ లేకుండా పరీక్ష పెడితే, మామూలు చాట్‌బాట్ వాడిన పిల్లలు అసలు ఏఐ ముట్టని పిల్లల కన్నా 17 శాతం వెనకబడ్డారు. క్లూల గుంపుకి ఆ నష్టం దాదాపు కనిపించలేదు. మామూలు చాట్‌బాట్ గుంపు పిల్లలకు తాము తక్కువ నేర్చుకున్నామన్న సంగతే తెలియలేదు.

వాళ్లు స్కూలు పిల్లలే అయినా కారణం అందరికీ వర్తిస్తుంది. చక్కగా రాసిన వివరణ చదివితే మనసుకి హాయిగా ఉంటుంది. ఎక్కడా తట్టుకోకుండా సాగిపోతుంది. ఆ సాఫీతనాన్నే మనం "వచ్చేసింది" అనుకుంటాం. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం దీన్ని బయటపెట్టింది. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు, వీళ్లిద్దరినీ పోల్చారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, పుస్తకం మూసి రాసినవాళ్లకు 56. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ చిన్న అవస్థే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. ఏఐ మొదట తీసేసేది సరిగ్గా ఆ అవస్థనే.

నా క్లాసులో దీన్ని ఇలా చెబుతాను. విద్యార్థి నంబరు, సబ్జెక్టు, లెక్చరర్ పేరు, లెక్చరర్ ఫోన్ నంబరు అన్నీ ఒకే టేబుల్‌లో పెట్టామనుకోండి. లెక్చరర్ ఫోన్ మారితే అరవై వరుసల్లో మార్చాలి. ఒక్కచోట మర్చిపోయినా డేటా చెడింది. ఇది బోర్డు మీద ఒకసారి చేతులారా మార్చి చూస్తే, విసుగుపుట్టి ఒకచోట మర్చిపోతే, టేబుల్‌ని ఎందుకు విడగొట్టాలో జన్మలో మర్చిపోరు. ఏఐ ఇదే ఉదాహరణని నాకన్నా చక్కగా చెబుతుంది. కానీ ఆ అరవై వరుసలు మార్చే విసుగు విద్యార్థికి దక్కదు.

మరి దాన్ని మానెయ్యమనా? కాదు. "జవాబు చెప్పు" అనడానికీ "నన్ను ఒక్కో ప్రశ్న అడుగు, నేను తప్పు చెబితే క్లూ ఇవ్వు, జవాబు మాత్రం చెప్పకు" అనడానికీ మధ్య ఉన్న తేడా టర్కీ ప్రయోగంలో రెండు గుంపుల మధ్య కనిపించిన తేడానే. ఓపెన్‌ఏఐ కూడా 2025 జూలైలో ఇలా అడిగి చెప్పించే స్టడీ మోడ్ తెచ్చింది. రేపు మిడ్ పరీక్ష అన్న టెన్షన్‌లో ఉన్న పిల్లవాడు ఆ బటన్ నొక్కుతాడా అన్నది వేరే ప్రశ్న.

తెలుగులో అడిగే పిల్లలు

మొదట చెప్పిన అబ్బాయి దగ్గరికి మళ్లీ వస్తాను. అతను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోనే ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇంజినీరింగ్‌లో ఎప్పటినుంచో అంతే. ఇలాంటి పిల్లలకు క్లాసులో లేచి "అర్థం కాలేదు సార్" అనడం నామోషీ. ఫోన్ దగ్గర ఆ మొహమాటం అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసి, అర్ధరాత్రి పన్నెండుకి, అదే ప్రశ్న పదిసార్లు అడిగినా అది విసుక్కోదు. వీళ్ల వైఖరిలో కృతజ్ఞత లాంటిది కనిపిస్తుంది నాకు. ఏఐని నిషేధించాలని తేలిగ్గా అనేవాళ్లు వీళ్లతో ఒక గంట మాట్లాడాలి.

అయితే ఏఐ తెలుగు కూడా ఈమధ్యే కాస్త దారికొచ్చింది. ఈ యంత్రాలు వాక్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా నరుక్కుని చదువుతాయి. ముక్కలు ఎక్కువైతే ఖర్చూ ఎక్కువ, నెమ్మదీ ఎక్కువ. 2024 మేలో జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్‌ని విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ ఒక పోలిక ఇచ్చింది. ఒకే పరిచయ వాక్యాలు ముక్కలు చేసే పాత పద్ధతిలో ఇంగ్లిష్‌లో 27 టోకెన్లయితే తెలుగులో 159. కొత్త పద్ధతిలో తెలుగు 45కి దిగింది, ఇంగ్లిష్ 24. దూరం తగ్గింది, పోలేదు. పైగా ఈ యంత్రాలు నేర్చుకున్న రాతలో తెలుగు వాటా తక్కువ. సబ్జెక్టు లోతుకి వెళ్లేకొద్దీ తెలుగు వివరణలో అతకని పదాలు, తప్పు సంగతులు అదే ధీమాతో వస్తుంటాయి. తెలిసినవాళ్లకే అవి పట్టుబడతాయి. తెలియకే కదా విద్యార్థి అడుగుతున్నది!

2025లో డబ్బు కట్టి వాడే ఏఐ ప్లాన్లు కొన్ని ఒక్కసారిగా ఉచితం కూడా అయ్యాయి. గూగుల్ మన దేశ విద్యార్థులకు జెమినై ఉన్న ఏఐ ప్రో ప్లాన్ ఏడాది పాటు ఉచితమంది. ఎయిర్‌టెల్ సిమ్ ఉన్నవాళ్లకు పర్‌ప్లెక్సిటీ అనే ఇంకో ఏఐ యాప్ ప్రో ప్లాన్ వచ్చింది. ఆ నవంబర్‌లో చాట్‌జీపీటీ గో ప్లాన్ కూడా ఏడాది ఉచితమన్నారు. ఉచితం గడువు తీరాక, అలవాటు పడ్డ పిల్లల్లో డబ్బు కట్టగలిగేవాళ్లెవరు, కట్టలేనివాళ్లెవరు అన్న తేడా బయటపడుతుంది. హాస్టల్లో నలుగురు కలిసి ఒకే అకౌంట్ వాడుకోవడం నేను ఇప్పటికే చూస్తున్నాను.

గీత గీయాల్సింది ఎవరు?

కాపీ రాతల మీద యూజీసీ నిబంధనలు 2018లో వచ్చాయి. పోలిక 10 శాతం దాటితే ఒక మెట్టు, 40 దాటితే ఇంకోటి, 60 దాటితే మరోటి అని శిక్షలు పెట్టారు. అవి ఇంకొకరి రాతను తెచ్చి పెట్టుకోవడం గురించి రాసినవి. ఏఐ రాసింది చాలావరకు ఎవరి రాతతోనూ పోలదు, ఎందుకంటే అది అప్పటికప్పుడు అల్లింది. దాంతో నిర్ణయం కాలేజీకి, అక్కడినుంచి లెక్చరర్‌కి జారిపోతోంది. ఒకే సెమిస్టర్‌లో ఒక సార్ "వాడండి, నేర్చుకోండి" అంటారు. పక్క గదిలో మేడమ్ "వాడితే సున్నా" అంటారు. విద్యార్థి ఎవరి మాట వినాలి?

ఆస్ట్రేలియాలో సిడ్నీ యూనివర్సిటీ 2025 నుంచి రెండు దారులు పెట్టింది. మొదటి దారిలో పర్యవేక్షణ ఉంటుంది: గదిలో కూర్చోబెట్టి రాయించడం, ఎదురుగా ప్రశ్నలు వేయడం. అక్కడ విద్యార్థికి తనంతట తనకు ఏమొచ్చో చూస్తారు. రెండో దారిలో ఇంటికిచ్చే పనులు. వాటిలో ఏఐ వాడొచ్చు, వాడినట్టు చెప్పాలి. కాపలా కాయలేని చోట నిషేధం పెట్టడం వల్ల నిజాయితీగా ఉండేవాడే నష్టపోతాడు అన్నది దీని వెనక ఆలోచన. నాకు ఇది సరైన దారే అనిపిస్తుంది.

నేను నా వరకు చేసిన మార్పు చిన్నది. అసైన్‌మెంట్‌తో పాటు ఏఐని ఏమడిగారో, అది ఎక్కడ తప్పు చెప్పిందో ఒక పేజీ రాయమంటున్నాను. వాడకపోతే వాడలేదని రాయాలి. మార్కు మాత్రం రాతకు కాదు, తర్వాత నేను అడిగే రెండు ప్రశ్నలకు. మొదటి నెల ఆ పేజీలో అందరూ "వాడలేదు" అనే రాశారు. వాడినట్టు రాసినవాళ్లకు మార్కులేమీ తగ్గవని చూశాక నెమ్మదిగా నిజాలు రావడం మొదలైంది. ఒకడైతే ఏఐ ఇచ్చిన రిఫరెన్సు పుస్తకం కోసం లైబ్రరీలో రెండు గంటలు వెతికాడట. అలాంటి పుస్తకమే లేదు. తర్వాతి పదం ఏదై ఉండొచ్చో అంచనా వేస్తూ పోయే యంత్రం పుస్తకాల పేర్లను కూడా అలాగే అల్లుతుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలా లేని తీర్పులను కోర్టుకిచ్చి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. ఆ సంగతి క్లాసులో నేను చెప్పినప్పుడు ఎవరికీ పట్టలేదు. ఆ అబ్బాయి తన రెండు గంటల వెతుకులాట చెప్పాక మాత్రం అందరూ రిఫరెన్సులు సరిచూసుకోవడం మొదలుపెట్టారు.

కష్టం ఇంకోచోట ఉంది. నా సెక్షన్‌లో 66 మంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చొప్పున ప్రశ్నలడిగితే ఐదున్నర గంటలు. నాకు మూడు సెక్షన్లు. అందరినీ అడగాలంటే ప్రతి అసైన్‌మెంట్‌కి పదహారు గంటలకు పైగా కావాలి, టైమ్‌టేబుల్‌లో దీనికి ఒక్క గంట కూడా లేదు. ప్రస్తుతానికి ల్యాబ్ పీరియడ్లలో ప్రోగ్రామ్ రన్ అయ్యేలోపు పదేసి మందిని పిలుస్తున్నాను. వచ్చే సెమిస్టర్‌కి వారానికి రెండు గంటలు ఇవ్వమని మా డిపార్ట్‌మెంట్‌లో అడిగాను.